దయ్యాల రాజు ఇచ్చిన మూడు వరాలు
సత్యజిత్ రే పిల్లల కోసం మొదలుపెట్టిన గూపీ-బాఘా చిత్రాలు పెద్దలకు చెప్పిన పాఠాలు ఇప్పటికీ పాతబడలేదు

రాజ్యం అడగలేదు. ధనం అడగలేదు. శత్రువును ఒక్క దెబ్బతో కూల్చే ఖడ్గం అసలే అడగలేదు. వెదురు అడవిలో అర్ధరాత్రి దయ్యాల రాజు ప్రత్యక్షమై మూడు వరాలు కోరుకోమంటే ఆ ఇద్దరు పల్లెటూరి అమాయకులకు తోచినవి ఇవే: ఆకలేస్తే తిండి, కట్టుకోవడానికి బట్ట, మనసైన చోటికి వెళ్లివచ్చే వీలు, విన్నవాళ్లు ఉన్నచోటే నిలబడిపోయేంత గొప్ప సంగీతం. మొదటి రెండు వరాలకూ ఒక చిన్న షరతు ఉంది. ఇద్దరూ ఒకరి చేతిని ఒకరు చరచాలి. ఒంటరిగా ఎవరికీ ఏమీ దక్కదు.

గొంతు బాగోలేని గాయకుడు గూపీ, తాళం తప్పే డోలు వాద్యగాడు బాఘా. ఈ ఇద్దరితో సత్యజిత్ రే 1969లో తీసిన 'గూపీ గాయిన్ బాఘా బాయిన్' బెంగాలీ పిల్లల్లో ఎన్ని తరాలను అలరించిందో లెక్కకట్టడం కష్టం. ఆ జంటే 1980లో 'హీరక్ రాజార్ దేశే' (వజ్రాల రాజు దేశంలో)తో తిరిగొచ్చింది. 1992లో మూడోది, 'గూపీ బాఘా ఫిరే ఎలో' (గూపీ బాఘా మళ్లీ వచ్చారు). జానపద చిత్రాలు మన దేశంలో వందల కొద్దీ వచ్చాయి. కానీ పిల్లల కోసమని ప్రకటించుకుని, అవే పాత్రలతో 23 ఏళ్లపాటు సాగి, యుద్ధాన్నీ నియంతృత్వాన్నీ ముసలితనాన్నీ కూడా కథలోకి లాక్కొచ్చిన వరుస మరొకటి చూపించడం తేలిక కాదు.

ఈ కథ వయసు సినిమా కంటే ఎక్కువ. రే తాతగారు ఉపేంద్రకిశోర్ రాయ్ చౌధురి 1913లో 'సందేశ్' అనే పిల్లల మాసపత్రిక స్థాపించారు. బెంగాలీలో ఆ మాటకు కబురు అనీ, మిఠాయి అనీ రెండర్థాలు. గూపీ, బాఘాల కథ రాసి, బొమ్మలు కూడా తనే వేసి 1915లో అందులో ప్రచురించారు. అదే ఏడాది చివర్లో ఆయన కన్నుమూశారు. పత్రిక బాధ్యత కొడుకు సుకుమార్ రే మీద పడింది. హాస్యగీతాల రచయితగా ఇంటింటా వెలిగిన సుకుమార్ 1923లో మరణించేనాటికి సత్యజిత్‌కు రెండేళ్లు. తర్వాత మూతపడిన పత్రికను ఆ కుర్రాడే పెద్దవాడై 1961లో కవి సుభాష్ ముఖోపాధ్యాయతో కలిసి మళ్లీ తెరిచాడు. అప్పటికి 'పథేర్ పాంచాలీ' తీసిన దర్శకుడిగా ప్రపంచానికి తెలిసినవాడు. ఇంట్లో కొడుకు సందీప్ ఫిర్యాదు మాత్రం వేరు: నాన్న సినిమాలన్నీ పెద్దవాళ్లవే, అన్నీ దిగులువే. తాత కథకు మనవడి చేతిలో తెరరూపం రావడానికి ముని మనవడి అలక కూడా ఒక కారణమన్నమాట.

పిల్లల పత్రికకూ జానపద చిత్రానికీ మధ్య చుట్టరికం తెలుగువారికి కొత్తేమీ కాదు. 1947లో 'చందమామ'ను మొదలుపెట్టిన నాగిరెడ్డి, చక్రపాణిలే విజయా సంస్థ పేరిట 1951లో 'పాతాళభైరవి' నిర్మించారు. అయితే రెండు కథల్లోని కోరికలను పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. రాజకుమారిని చేసుకోవాలంటే రాజుతో సరితూగే సంపద ఉండాలి కాబట్టి తోట రాముడు ప్రాణాలకు తెగించి మాంత్రికుడి వెంట వెళతాడు. గూపీ, బాఘాలకు అంత తపన లేదు. వాళ్లను ఊరి నుంచి తరిమేసింది తాళం, శ్రుతి లేని సంగీతం. వాళ్లు కోరుకున్నదీ దాన్నే. రాజకుమార్తెలు చివర్లో దొరుకుతారు గానీ అది కొసరు.

సినిమా తీయడం మాత్రం కథంత తేలిగ్గా జరగలేదు. ఖర్చు చూసి రే పాత నిర్మాత వెనకాడారు. చివరికి పూర్ణిమా పిక్చర్స్ ముందుకొచ్చింది. రంగుల్లో తీయాలన్న కోరికకు డబ్బు సరిపోలేదు. అందుకే చిత్రమంతా నలుపు తెలుపుల్లో సాగి చివరి సన్నివేశంలో మాత్రం రంగులు విచ్చుకుంటాయి. లేమిని కూడా ఇంద్రజాలంగా మార్చుకోవడమంటే ఇదే. షుండి రాజ్యానికి రాజస్థాన్‌లోని బూందీ, హల్లా రాజ్యానికి జైసల్మేర్ వేదికలయ్యాయి. జైసల్మేర్ ఎడారిలో ఒంటెల దండు నిజమైనదే. కథ, మాటలు, పాటలు, సంగీతం, దుస్తుల రూపకల్పన అన్నిటిలోనూ రే చెయ్యి ఉంది. దయ్యాల రాజు గొంతు కూడా ఆయనదే. చిత్రం జనాదరణతో పాటు జాతీయ ఉత్తమ చిత్రం, ఉత్తమ దర్శకత్వం అవార్డులనూ గెలుచుకుంది.

అందులో ఆరున్నర నిమిషాల దయ్యాల నాట్యం గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. దక్షిణాది ప్రేక్షకుడికి అది మరీ దగ్గరగా అనిపిస్తుంది. ఎందుకంటే అక్కడ రే వాడుకున్నది బెంగాలీ బాణీ కాదు, కర్ణాటక సంగీతంలోని తాళవాద్య కచేరీ. నాలుగు రకాల దయ్యాలకు నాలుగు వాద్యాలు. రాజులకు మృదంగం, రైతులకు కంజీర, తెల్లదొరలకు ఘటం, బొజ్జలు పెంచిన వర్తకులకూ పూజారులకూ మోర్సింగ్. రాగం లేదు, మాట లేదు, ఉన్నది లయ ఒక్కటే. ముందు ఎవరి నాట్యం వారిది. తర్వాత వేగం పెరిగి ప్రతి వర్గమూ తనలో తాను కొట్టుకుని నశిస్తుంది. ఆఖరికి నాలుగు వర్గాలూ ఒకదానిపై ఒకటి నాలుగు వరుసల్లో నిలిచి కలిసి ఆడతాయి. బెంగాల్ గడ్డ మీద బతికి, పోట్లాడుకుని, మట్టిలో కలిసినవాళ్ల చరిత్ర అంతా అక్కడుంది. బతికుండగా కుదరని సఖ్యత చచ్చాక కుదిరింది. ఈ సంగతి పిల్లలకు విడమరచి చెప్పనక్కర్లేదు. వాళ్లు నాట్యం చూస్తారు. పెద్దయ్యాక ఎప్పుడో అర్థం వెతుక్కుంటారు.

అసలు కథంతా ఒక యుద్ధం చుట్టూ తిరుగుతుంది. షుండి రాజుకు సైన్యమే లేదు. అతడి కవల సోదరుడు, హల్లా రాజు, స్వతహాగా మంచివాడే. కానీ మాంత్రికుడి మందు పెట్టి మంత్రి అతణ్ని యుద్ధపిపాసిగా మార్చేస్తాడు. మందు ప్రభావం తగ్గగానే ఆ రాజు పసివాడిలా అయిపోయి, తనకు ఈ రాచరికం నుంచి సెలవు కావాలంటాడు. రెండు పాత్రలనూ ఒకే నటుడు, సంతోష్ దత్తా, పోషించడంలో ఔచిత్యం ఉంది. శత్రువు ఎక్కడివాడో కాదు, మందు తాగిన మన ముఖమే. మంత్రి మాత్రం ఏ మందూ అవసరం లేకుండానే దుర్మార్గుడు. అతడు పీకలదాకా తింటుంటే సైనికులు ఎముకల గూళ్లలా ఉంటారు. దండు కదలబోయే వేళకు గూపీ పాట అందుకుంటాడు, బాఘా డోలు కొడతాడు. ఒంటెలూ, మనుషులూ కొయ్యబారతారు. ఆకాశం నుంచి మిఠాయి కుండలు దిగుతాయి. ఆకలితో ఉన్న సైనికులు ఆయుధాలు పారేసి వాటి మీద పడతారు. యుద్ధం అక్కడితో సరి. ఒక్క బాణం వదలలేదు, ఒక్క ప్రాణం పోలేదు.

ఆ చిత్రం వచ్చిన కాలం గుర్తుచేసుకుంటే మిఠాయి కుండల బరువు తెలుస్తుంది. 1965లో పాకిస్థాన్‌తో యుద్ధం ముగిసింది. 1966లో బెంగాల్ వీధులు తిండిగింజల కోసం ఉద్యమాలతో దద్దరిల్లాయి. 1967లో నక్సల్బరీ పేలింది. వియత్నాంలో బాంబులు కురుస్తూనే ఉన్నాయి. అన్నం పెడితే ఆగిపోయే యుద్ధాలు ఎన్నో ఉన్నాయన్న మాటను అప్పుడు వ్యాసంగా రాస్తే చదివేవాళ్లు కొందరే. పాటగా పాడితే ఊరంతా విన్నది.

ఆ మందు కలిపే మాంత్రికుడు బర్ఫీ పాత్రధారికి తెలుగునేలతో గట్టి బంధమే ఉంది. హరీంద్రనాథ్ చటోపాధ్యాయ హైదరాబాద్‌లో పుట్టారు. సరోజినీ నాయుడుకు తమ్ముడు, కవి. తొలి లోక్‌సభకు ఎన్నికైంది విజయవాడ నుంచి. పార్లమెంటు సభ్యుడిగా పనిచేసిన మనిషి అర్థం కాని భాషలో గొణుగుతూ, మంత్రి చెప్పిన మందల్లా కలుపుతూ పిల్లల్ని నవ్వించడానికి ఏమాత్రం సంకోచించలేదు.

పదకొండేళ్ల తర్వాత వచ్చిన రెండో చిత్రంలో నవ్వు అలాగే ఉంది. కానీ దాని అడుగున కోపం చేరింది. రాజ అల్లుళ్లుగా సుఖపడి విసుగెత్తిన గూపీ, బాఘాలు హీరక్ రాజ్యపు ఉత్సవాలకు వెళతారు. అక్కడ గనుల్లో వజ్రాలు తవ్వేవాడు పస్తులుంటాడు. పండించేవాడు పన్నులకు కుంగిపోతాడు. రాజు మాటకు తలూపే మంత్రులకు మాత్రం వజ్రాల హారాలు. చదువుకున్నవాడు మాట వినడని రాజుకు భయం. అందుకే బడి మూయించి పుస్తకాలు తగలబెట్టిస్తాడు. ఎదురు మాట్లాడినవాళ్లను ఒక గదిలో పెట్టి యంత్రంతో మెదళ్లు కడిగిస్తాడు. బయటికొచ్చినవాడు రాజు నేర్పిన పద్యాన్ని వల్లిస్తాడు. అతిథులు వచ్చే ముందు పేదల గుడిసెలను పీకించి, వాళ్లను కళ్లకు కనబడని చోటికి తరిమేయిస్తాడు. 1975 జూన్ నుంచి 1977 మార్చి వరకు నడిచిన ఎమర్జెన్సీనీ, 1976లో ఢిల్లీ తుర్క్‌మాన్ గేట్ దగ్గర పేదల ఇళ్లపైకి వెళ్లిన బుల్డోజర్లనూ మరిచిపోని ప్రేక్షకులకు ఇదంతా ఎక్కడి కథో ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది.

ఉత్పల్ దత్ నటించిన ఆ రాజు భయపెట్టేవాడు కాదు, నవ్వించేవాడు. అందుకే మరింత ప్రమాదకరంగా కనిపిస్తాడు. అతడికి ఎదురు నిలిచేది ఒక బడిపంతులు. ఆ పాత్ర సౌమిత్ర చటర్జీది. పేరు ఉదయన్. బడి మూతపడ్డాక కొండల్లో దాక్కుంటాడు. పురూలియా జిల్లాలోని జయచండీ కొండల దగ్గర ఆ దృశ్యాలు తీశారు. రే ఇక్కడ చేసిన అమరిక చాలా సూక్ష్మమైనది. రాజు, మంత్రులు, విజ్ఞాని, చివరికి గూపీ బాఘాలు సహా అందరూ ప్రాసల్లో మాట్లాడతారు. ఉదయన్ ఒక్కడే మామూలు వచనంలో మాట్లాడతాడు. అందరూ ఒకే తాళానికి తలాడిస్తున్నచోట తన మాట తాను మాట్లాడేవాడే స్వేచ్ఛాజీవి అని చెప్పడానికి ఇంతకంటే తేలికైన దారి ఉందా? పిల్లవాడు ప్రాసల్ని ఆస్వాదిస్తాడు. పంతులు మాటల్లో అవి లేవని ఎప్పుడో గమనిస్తాడు. ఆ గమనించిన రోజు అతడి చదువు మొదలైనట్టే.

ఈ చిత్రాన్ని నిర్మించింది పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం. అధికారాన్ని వెక్కిరించే సినిమాకు ఒక ప్రభుత్వమే డబ్బు పెట్టడం విశేషమే. ఆ వెక్కిరింతకు గురి ఢిల్లీయే అనుకుని పెట్టి ఉండొచ్చు. కానీ మంచి కథకు కాపలా ఉండదు. ఆ తర్వాత బెంగాల్‌లో ఎవరు గద్దెనెక్కినా గిట్టనివాళ్లు వాళ్లకు తగిలించే పేరు హీరక్ రాజే. ఈ చిత్రానికి సంగీత దర్శకుడిగా రేకూ, గూపీ పాటలకు గొంతునిచ్చిన అనూప్ ఘోషాల్‌కూ జాతీయ అవార్డులు వచ్చాయి.

పొగడ్తలతో సరిపెట్టకుండా నిలదీయాల్సినవీ ఉన్నాయి. మొదటి రెండు చిత్రాల్లో ఆడవాళ్లకు దక్కిన చోటు చాలా తక్కువ. రాజకుమార్తెలు బహుమతుల్లా చివర్లో వస్తారు. పిల్లల కోసం తీసిన చిత్రంలో ఆడపిల్లకు చేయడానికి పనేమీ లేకపోవడం లోటే. ఇంకో చిక్కు నైతికమైనది. 'హీరక్ రాజార్ దేశే' చివర్లో రాజును అతడి యంత్రంలోనే కూర్చోబెట్టి మెదడు కడుగుతారు. బయటికొచ్చిన రాజు జనంతో కలిసి తాడు పట్టుకుని తన విగ్రహాన్ని తానే లాగి పడేస్తాడు. హాలంతా చప్పట్లు. కానీ మనసును బలవంతంగా మార్చే యంత్రం మంచివాళ్ల చేతికొస్తే మంచిదైపోతుందా? విన్నవాళ్లను కదలనివ్వని సంగీతం కూడా ఒకరకమైన బలవంతమే కదా? సినిమా ఈ ప్రశ్నలకు జవాబివ్వదు. దాన్ని తప్పుగా లెక్కవేయొచ్చు. పన్నెండేళ్ల పిల్లవాడు భోజనాల దగ్గర తండ్రితో వాదించడానికి ఒక విషయం మిగిల్చిందనీ అనుకోవచ్చు.

మూడో చిత్రానికి కథ, సంగీతం తండ్రివి, దర్శకత్వం సందీప్ రేది. నాన్న సినిమాలు దిగులువని అలిగిన పిల్లవాడే గూపీ బాఘాల బరువును భుజానికెత్తుకున్నాడు. తెర మీద తపేన్ చటర్జీ, రవి ఘోష్‌ల వయసు తెలిసిపోతోంది. కథ దాన్నే వాడుకుంది. పోయిన యౌవనాన్ని తిరిగి ఇస్తానని ఒక మాయావి ఆశ చూపుతాడు. బదులుగా రత్నాలు దొంగిలించి తేవాలి. తిండీ సంగీతమూ తప్ప ఏమీ అడగని ఆ ఇద్దరూ మొదటిసారి దురాశలో పడతారు. వరమిచ్చిన దయ్యాల రాజే వచ్చి హెచ్చరించాల్సి వస్తుంది. మొదటి రెండు చిత్రాల మెరుపు ఇందులో లేదన్న మాట నిజమే. అయినా వరుసను ముగించాల్సిన చోటే ముగించింది. మంచివాళ్లు కూడా చెడిపోగలరని పిల్లలకు చెప్పడం చిన్న విషయమేమీ కాదు. చిత్రం విడుదలైన 1992లోనే, ఏప్రిల్ నెలలో, సత్యజిత్ రే మరణించారు.

తర్వాత? ఈ దారిలో నడిచినవాళ్లు లేకపోలేదు. శిల్పా రానడే అదే కథను హిందీలో 'గోపీ గవైయా బాఘా బజైయా' పేరుతో బొమ్మల చిత్రంగా మలిచారు. నిర్మించింది బాలల చిత్ర సమితి. 2013లోనే అంతర్జాతీయ ఉత్సవాల్లో కనిపించిన ఆ చిత్రం మన దేశంలో థియేటర్లకు వచ్చింది 2019లో. ఆరేళ్లు. 2013లో ఆరేళ్లున్న పిల్లవాడికి సినిమా వచ్చేసరికి పన్నెండేళ్లు వచ్చేశాయి. పెద్దల సినిమా ఆలస్యమైతే ప్రేక్షకుడు ఎదురుచూస్తాడు. పిల్లల సినిమా ఆలస్యమైతే ప్రేక్షకుడే మిగలడు.

1955లో కేంద్రం స్థాపించిన ఆ సమితి దశాబ్దాలపాటు పిల్లల కోసం సినిమాలు తీసింది. హైదరాబాద్‌లో అంతర్జాతీయ బాలల చిత్రోత్సవాలు జరిపింది. 2017లో అక్కడే 20వ ఉత్సవం జరిగింది. 2022లో సమితిని జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థలో కలిపేశారు. ఖర్చు, పరిపాలన దృష్టితో చూస్తే విలీనానికి కారణాలు ఉండొచ్చు. సమితి తీసినవాటిలో చాలాభాగం పెట్టెల్లోనే ఉండిపోయాయన్న విమర్శలోనూ పస ఉంది. కానీ పిల్లల సినిమా ఒక్కటే పనిగా పెట్టుకున్న గడప ఒకటి తగ్గిందన్నది కూడా వాస్తవం. పిల్లలు టికెట్టు కొనరు, కొనిపిస్తారు. కాబట్టి మార్కెట్టు పెద్దల సినిమాలోనే రెండు కోతిచేష్టలు కలిపి కుటుంబచిత్రం అంటుంది. పిల్లలు దాన్నే చూస్తారు, వేరేది లేదు కాబట్టి.

గూపీ బాఘాల వరుస నేర్పేది గతం మీద బెంగ కాదు. మూడు నిర్దిష్టమైన సంగతులు నేర్పుతుంది. ఒకటి, ఆ కథ గాలిలోంచి ఊడిపడలేదు. ఒక కుటుంబం మూడు తరాలపాటు పిల్లల పత్రికను పట్టుకుని ఉంటే పుట్టింది. రెండు, మొదటిదానికి ఒక ప్రైవేటు సంస్థ, రెండోదానికి ఒక ప్రభుత్వం లాభనష్టాలకు అతీతంగా ఆలోచించి డబ్బు పెట్టాయి. మూడు, తీసినవాళ్లు పిల్లల కోసమని బుద్ధిని సగానికి తగ్గించుకోలేదు. తాళవాద్య కచేరీ పిల్లలకేం అర్థమవుతుంది, ఎమర్జెన్సీ పిల్లలకెందుకు అని ఆగిపోలేదు. తెలుగులో కాశీ మజిలీ కథలున్నాయి, భట్టి విక్రమార్కుడున్నాడు. గ్రాఫిక్స్ చేసే కుర్రాళ్లకు హైదరాబాద్‌లో కొదవ లేదు. జానపదాలకు కోట్లు కుమ్మరించే నిర్మాతలూ ఉన్నారు. కరువల్లా ఖడ్గం బదులు అన్నమూ పాటా అడిగే కథానాయకుడికే.

ఇద్దరు చేతులు చరిస్తే గానీ ఫలించని వరమది. కథ చెప్పేవాడొక్కడే ఎంత చెయ్యి చాపినా లాభం లేదు. అవతలి చెయ్యి కూడా కలవాలి.